పక్కవాడి మాట ప్రమాణమేనా?

మైన్‌క్రాఫ్ట్ అనే వీడియో ఆటలో స్ట్రాంగ్‌హోల్డ్ అనే కోట ఒకటి నేలలోపల పూడుకుపోయి ఉంటుంది. ఆట చివరి అంకానికి దారితీసే ద్వారం అందులోనే ఉంది. దాని జాడ కనిపెట్టడానికి ఐ ఆఫ్ ఎండర్ అనే గోళాన్ని గాలిలోకి విసరాలి. అది కోట ఉన్న దిక్కుగా కొంచెం ఎగిరి ఆగుతుంది. దిక్కు చూపుతుందే తప్ప దూరం చెప్పదు, పైగా సుమారు ఐదింటికొకటి పగిలిపోతుంది. ఒంటరిగా ఆడేవాడు ఒకచోట విసిరి, పక్కకు చాలా దూరం నడిచి మళ్లీ విసరాలి. తోడుంటే ఆ నడక తప్పుతుంది. ఇద్దరూ కొన్ని వందల బ్లాకుల ఎడంగా నిలబడి చెరొకటి విసురుతారు. తామున్న చోటి కోఆర్డినేట్లు, గోళం పోయిన కోణం చాట్‌లో చెప్పుకుంటారు. రెండు గీతలూ ఎక్కడ కలిస్తే అక్కడ తవ్వుతారు. ఒక్కొక్కరికీ ఒక గీత కళ్లారా చూసినది, రెండోది అవతలివాడు చెప్పగా విన్నది. విన్న గీత వల్ల కలిగేది నిజంగా తెలియడమేనా, లేక తెలుసుకునే దాకా పెట్టుకున్న నమ్మకమా?

మన తార్కికులు వందల ఏళ్లు వాదించుకున్న ప్రశ్న ఇది. ప్రత్యక్షాన్ని తప్ప దేన్నీ ఒప్పుకోనన్నవాళ్లు చార్వాకులు. దిఙ్నాగుడి నుంచి వచ్చిన బౌద్ధ తార్కికులు దానికి అనుమానాన్ని, అంటే తెలిసినదాన్నిబట్టి తెలియనిదాన్ని తేల్చడాన్ని, జోడించి అక్కడితో ఆగారు. వైశేషికులు కూడా మాట వల్ల కలిగే జ్ఞానాన్ని అనుమానంలోనే కలిపేశారు. నైయాయికులు మాత్రం జ్ఞాన సాధనాలుగా ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం (పోలిక), శబ్దం (మాట) అని నాలుగు ప్రమాణాలను లెక్కపెట్టి, నమ్మదగినవాడి మాటకు విడిగా పీట వేశారు. 17వ శతాబ్దంలో మన అన్నంభట్టు తర్కసంగ్రహంలో పిల్లలకు సైతం అర్థమయ్యేలా చెప్పింది ఈ లెక్కనే. ఇద్దరు కలిసి కనబడనిదాన్ని వెతికే ఈ ఆటను నిదానంగా పరిశీలిస్తే, నైయాయికుల పక్షమే సరైనదని తేలుతుందని నా వాదన.

మొదటి అభ్యంతరం చార్వాకుడిది. చివరికి తవ్వి చూస్తేనే కదా కోట ఉందని తెలిసేది, అంతవరకూ తోటివాడి మాట వట్టి సూచన అంటాడు. తవ్వాక కలిగేది ప్రత్యక్షమే, కాదనేది లేదు. కానీ ఎక్కడ తవ్వాలన్నది తవ్వకముందే తేలింది. వేల బ్లాకుల మేర పరచుకున్న నేలలో సరిగ్గా ఆ చోటికే నడిపించింది రెండు గీతలు కలిసిన బిందువు. తాను చూసిన గీత ఒక్కటే ఉంటే ఆ బిందువు పుట్టదు. ఒక గీతకు ప్రమాణత్వం ఇచ్చి రెండోదాన్ని ఊహగా తోసేస్తే, వాటి కలయిక నుంచి వచ్చిన ఫలితం కూడా ఊహే కావాలి. అలాంటప్పుడు తవ్విన ప్రతిసారీ కోట బయటపడటాన్ని అదృష్టం అనుకోవాల్సి వస్తుంది. తరువాత సరిచూసుకునే వీలుండటం ఒక జ్ఞానానికి లోపం కాదు. దూరం నుంచి చూసిన చెట్టును దగ్గరికెళ్లి చూసినంత మాత్రాన మొదటి చూపు చూపు కాకుండా పోదు.

రెండో అభ్యంతరం మాటను అనుమానంలో కలిపేసినవాళ్లది, ఇంతకన్నా గట్టిది. ఈ మనిషి ఇదివరకు నిజమే చెప్పాడు కాబట్టి ఇప్పుడూ నిజమే చెబుతున్నాడని అనుకుంటాం, అది అనుమానమే కదా అంటారు. పాత స్నేహితుడి విషయంలో ఈ మాట కొంత పనికొస్తుంది. సర్వర్‌లో అప్పుడే కలిసిన, ఏ దేశంవాడో తెలియని మనిషి విషయంలో ఆ అనుభవం ఎక్కడుంది? మనుషులు సాధారణంగా నిజమే చెబుతారన్న వ్యాప్తి, అంటే అనుమానానికి ఆధారమయ్యే సామాన్య నియమం, ఉంది కదా అని సర్దుకోవచ్చు. ఆ వ్యాప్తిని నిర్ధారించాలంటే విన్న మాటలను లోకంతో పోల్చి ఉండాలి. మనం ఒప్పుకున్న మాటల్లో సరిచూసినవి ఏ కొన్నో. సరిచూడటానికి కావలసిన భాష కూడా పెద్దల మాట నమ్మబట్టే వచ్చింది. అనుమానం కింద మాటే పునాదిగా ఉన్నప్పుడు, మాటను అనుమానానికి అనుబంధం చేయడం తలకిందుల వ్యవహారం. అపరిచితుడి ప్రశ్నకు నైయాయికుడైన వాత్స్యాయనుడు న్యాయభాష్యంలో ఎప్పుడో జవాబిచ్చాడు. విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగినట్టే చెప్పాలన్న కోరిక ఉన్నవాడు ఆప్తుడు. ఈ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ ఒక్కటేనని ఆయన తేల్చిచెప్పాడు. కులం, ఊరు, పరిచయం ఇవేవీ లెక్కలోకి రావు.

మరి మోసగాళ్ల మాటేమిటి? వజ్రాలున్నాయని పిలిచి లావాలోకి నడిపించేవాళ్లూ ఉంటారు. నిజమే, కానీ మోసపోవడం కంటికీ తప్పదు. గోడల వెనక ఖనిజాలు కనబడేలా చేసే ఎక్స్‌-రే మోసాన్ని అరికట్టడానికి కొన్ని సర్వర్లు ఒక ఎత్తు వేస్తాయి. రాతిలో దాగి ఉన్న బ్లాకుల స్థానంలో ఆటగాడి కంప్యూటర్‌కు దొంగ ఖనిజాలను పంపుతాయి. పక్క బ్లాకు పగిలాకే అసలుది వస్తుంది. ఎక్స్‌-రే పెట్టుకున్నవాడికి ఎటుచూసినా వజ్రాలే, తవ్వితే రాయి. అక్కడ కన్ను అబద్ధమాడింది, నిజాయతీగా తవ్వి చెప్పిన తోటివాడి మాట నిలిచింది. దీన్నిబట్టి కంటిని ప్రమాణాల జాబితా నుంచి ఎవరూ కొట్టేయరు. మాటకూ అదే న్యాయం వర్తించాలి. సందేహానికి కారణం కనబడినప్పుడు సందేహించాలి గానీ, సందేహించడానికి వీలుందన్న ఒక్క సాకుతో ప్రమాణాన్నే తోసిపుచ్చకూడదు.

ఇక మిగిలింది మతానికి సంబంధించిన చిక్కు. మాటను ప్రమాణంగా ఒప్పుకుంటే, స్వర్గం గురించి చెప్పే ప్రతి గురువునూ నమ్మాలా? నైయాయికుల మూలగ్రంథమైన న్యాయసూత్రాలే శబ్దాన్ని రెండుగా విడదీశాయి: ఈ లోకంలో కనబడే విషయం గురించిన మాట, కనబడని విషయం గురించిన మాట. వేదానికి ప్రామాణ్యం చెప్పేటప్పుడు కూడా అవి మంత్రాన్నీ, ఆయుర్వేదాన్నీ ఉదాహరణగా తెచ్చాయి. మందు పనిచేయడం చూసినవాడు ఆ మందు చెప్పినవాణ్ని మరో విషయంలోనూ నమ్మవచ్చునన్నది వాటి తర్కం. ఆ రెండో అడుగు అంత తేలిక కాదు. వైద్యం తెలిసినంత మాత్రాన పరలోకం ఎరిగినట్టు కాదు, స్వయంగా ఎరగడమన్న షరతును ఏ విషయానికా విషయంలో విడిగా తీర్చాలి. కోఆర్డినేట్లు చెప్పిన తోటివాడు తన మాట తప్పని తేలే అవకాశాన్ని కూడా మనకే అప్పగిస్తాడు. ఆ అవకాశం ఇవ్వని మాటను వెంటనే అబద్ధమనలేం, అయినా దానికి ఇదే పీట వేయలేం. మాటను ప్రమాణంగా గౌరవించడమంటే గుడ్డిగా తలూపడం కాదు, నువ్వు చూశావా, చూసిందే చెబుతున్నావా అని చెప్పేవాణ్ని అడిగే హక్కును వదులుకోకపోవడం.