వెనక కారుకూ బ్రేకు పెట్టించు

అబ్బాయ్, సెలవులకు మోటార్‌హోమ్‌లో డెన్వర్ మీదుగా యూటా వెళ్తున్నారనీ, వెనక జీప్ తగిలిస్తున్నావనీ కోడలుపిల్ల ఫోన్లో చెప్పింది. మంచి ఆలోచనే. అంత పెద్ద బండిని పాలకీ పెరుగుకీ ఊళ్లోకి తోలే అవస్థ తప్పుతుంది.

ముందు కారుతోపాటు ఇచ్చిన పుస్తకం తీసి చదువు. నాలుగు చక్రాలూ నేల మీదే ఉంచి లాగడానికి ప్రతి కారూ పనికిరాదు. చాలా ఆటోమేటిక్ కార్లలో ఇంజను ఆగితే గేరుబాక్సులో ఆయిలు తిరగదు. చక్రాలు మాత్రం లోపలి భాగాల్ని తిప్పుతూనే ఉంటాయి. హోండా సీఆర్‌వీ 2014 మోడల్ దాకా అలా లాగడానికి పనికొచ్చేది. 2015లో సీవీటీ వచ్చాక పనికిరాకుండా పోయింది. పక్కింటాయన లాగాడు కదా అన్నది మనకి లెక్క కాదు. నీ జీప్ రాంగ్లర్‌కి ఆ చిక్కు లేదులే. ట్రాన్స్‌ఫర్ కేసు న్యూట్రల్‌లో పెట్టాలి. అది నిజంగా పడిందా లేదా అన్నది గేరు వేసి చూస్తేనే తెలుస్తుంది: బండి కదలకూడదు. ఆ తర్వాత గేరు పార్కులో పెట్టి, హ్యాండ్‌బ్రేకు తియ్యి. చాలామంది మరిచిపోయేది ఈ ఆఖరిదే.

ఇక బ్రేకు సంగతి. ఇక్కడ నేను మొండివాణ్ణే. మోటార్‌హోమ్ బ్రేకులు ప్రధానంగా దాని సొంత బరువు కోసం చేసినవి. వెనక రెండు టన్నుల జీప్ తోసుకొస్తుంటే అవి ఎంతకని ఆపుతాయి? జీప్‌లో విడిగా బ్రేకు నొక్కే పరికరం పెట్టించు. దానితోపాటు తెగుడు తీగ కూడా ఉండాలి. కొక్కెం ఊడి కారు విడిపోతే, ఆ తీగ లాగుడుకి కారు బ్రేకులు వాటంతటవే పడతాయి. వెనక బండి బరువు మూడు వేల పౌన్లు దాటితే చాలా రాష్ట్రాల్లో ఆ బ్రేకుని చట్టమే అడుగుతుంది. అడగని చోట కొండలు చదునవుతాయా? డెన్వర్ దాటాక ఐజెన్‌హోవర్ సొరంగం పదకొండు వేల అడుగుల పైన ఉంది. అది దాటగానే నిలువు దిగుడు. దిగకముందే తక్కువ గేరులో పడు. బ్రేకు మీద కాలు అలా ఆనించి ఉంచకు, వేడెక్కి పట్టు పోతుంది.

రెండు బళ్లనీ కలిపే టో బార్ దాదాపు మట్టంగా ఉండాలి. గొలుసులు దాని కింద ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా వెయ్యి. తగిలించేటప్పుడు ఎవరు పిలిచినా పలక్కు. మధ్యలో లేచి వెళ్తే, తిరిగొచ్చి మొదటి పిన్ను నుంచీ మళ్లీ చూసుకో. కోడలిని వెనక నిలబెట్టి, జీప్ లైట్లు నీ బ్రేకుతో వెలుగుతున్నాయో లేదో చెప్పమను.

కారు వెనక ఉండగా రివర్సు మాట ఎత్తకు. ముందు చక్రాలు అడ్డం తిరిగి బార్ వంగిపోతుంది. పెట్రోలు బంకులో ఇరుక్కుంటే కారు విప్పి బయటపడు, అంతేగాని మొహమాటపడి వెనక్కి తోలకు.

ఆ బ్రేకు పెట్టించాక నాకో ఫోన్ చెయ్యి. బయల్దేరే నాటికి కుదరకపోతే, జీప్‌ని ఇంటి దగ్గరే వదిలి వెళ్లండి.