కన్ను నిండిన పిమ్మట

విదేశయాత్ర చివరి దినములలో మనుష్యుని కంటికి ఒక విచిత్రమైన తొందర పుట్టును. వచ్చిన పని ముగిసినది. తిరుగు ప్రయాణమునకు దినము నిర్ణయమైనది. మిగిలిన నాలుగు నాళ్లలో చూడవలసినవన్నియు చూచివేయవలెను. చెంత నొక మిత్రుడుండి, "ఇంత దూరము వచ్చి అది చూడకుండ పోవుదురా?" అని పురికొల్పినచో ఇక చెప్పవలసిన పని లేదు. నేడు అమెరికాలోని బిడ్డల యింట ఆరు మాసములుండి వచ్చు తెలుగు తల్లిదండ్రులలో పెక్కుమందికి ఈ యనుభవము క్రొత్త కాదు. ఐదున్నర మాసములు వంటయింటికిని మనుమల బడికిని నడుమ గడచును. కడపటి పక్షమున నయాగరా జలపాతమును, రెండు మూడు మహానగరములును వచ్చి పడును. అన్నియు చేతిలోని ఫోనులో చిత్రములై చేరును. ఇల్లు చేరిన పిమ్మట ఇరుగుపొరుగువారు "ఏమేమి చూచితిరి?" అని యడుగుదురు. ఫోను తెరచి చూపుదురు గాని, ఆ ప్రశ్నకు సమాధానము అందులో ఉన్నదో లేదో చూపువారికే తెలియదు.

ఇది నవ్వి విడిచిపెట్టదగిన విషయము కాదు. ఇంద్రియములలో కన్ను మిక్కిలి ఆకలి గలది. నాలుకకు కడుపు అడ్డు చెప్పును. కంటికి అడ్డు చెప్పునది లేదు. అందువలననే పెద్దలు కొందరు, సాధకునకు వేడుకలు చూచుట తగదనిరి. సృష్టియంతయు భగవంతుని విభూతియే యైనప్పుడు చూచుటలో దోషమేమని మరికొందరు వాదించిరి. రెండు మాటలలోను సత్యము కలదు. కాని ప్రశ్న అంతటితో తీరదు. దేవాలయములలో నిత్యము జరుగు ఒక వింతను గమనింపుడు. గంటలకొలది వరుసలో నిలిచిన భక్తుడు, తీరా గర్భగుడి యెదుటికి వచ్చిన క్షణమున, చేతులు జోడించి కన్నులు మూసికొనును. చూచుటకే వచ్చినవాడు మూసికొనుట యెందుకు? అతనిని ఎవ్వరును తప్పు పట్టరు. చూచుట వేరు, చూచినదానికి లోబడుట వేరు అని అక్షరము రానివానికి సైతము తెలియును.

గుడిలో సులభముగా తెలియు ఈ భేదము, పరదేశమున వేడుక చూడబోయిన చోట నిలుచునా? స్వామి వివేకానందుల రెండు విదేశయాత్రల చివరి దినములు ఈ విషయమున ఎంతో ఆలోచింపజేయును. ఆయన ఉపన్యాసములను ఎరిగినవారు వేలకొలది. ఆయన విహారములను ఎరిగినవారు కొలదిమంది.

1893 మే 31న బొంబాయిలో ఓడ యెక్కిన స్వామి, 1896 నాటికి పూర్తిగా అలసియుండిరి. ఆ వేసవిలో మిత్రులు కొందరు ఆయనను విశ్రాంతికై స్విట్జర్లాండునకు తీసికొనిపోయిరి. వారిలో ముఖ్యులు సేవియర్ దంపతులు. భర్త పూర్వము బ్రిటిషు సైన్యమున పనిచేసిన ఉద్యోగి. భార్యను స్వామి మొదటి పరిచయముననే "అమ్మా" అని పిలిచిరి. ఆల్ప్స్ పర్వతములను, అక్కడి హిమానీనదములను చూచుచున్నప్పుడు స్వామి మనస్సు హిమాలయములకు పోయెను. అటువంటి మంచుకొండల నడుమ తూర్పువారును పడమటివారును కలిసి సాధన చేయుటకు ఒక ఆశ్రమ ముండిన ఎంత బాగుండునని ఆయన అనిరి. వినోదమునకు వెళ్లిన చోట అనుకొనిన మాట అది. అటువంటి మాటలు యాత్రికులు ఎన్నియో అనుకొందురు. ఇల్లు చేరుసరికి మరచిపోవుదురు. సేవియర్ దంపతులు మరువలేదు. ఇంగ్లండులోని తమ ఆస్తిపాస్తులను విక్రయించి, స్వామి వెంట భారతదేశమునకు తరలిరి.

ఆ తరలివచ్చు త్రోవలోనే, 1896 డిసెంబరులో, ఇటలీ దేశపు దర్శనము. మిలాన్ నగరమున లియొనార్డో డావించి గోడపై చిత్రించిన క్రీస్తు కడపటి విందును చూచిరి. పీసాలో ఒరిగిన గోపురమును చూచిరి. ఫ్లోరెన్సు నగరము శిల్పములకు, చిత్రములకు పుట్టినిల్లు. స్వామి వానిని చూడకపోలేదు. కాని అక్కడ ఆయనకు కలిగిన గొప్ప ఆనందము వేరొకటి. ఒక ఉద్యానవనమున బండిలో పోవుచుండగా చికాగోవాసులైన హేల్ దంపతులు అకస్మాత్తుగా ఎదురైరి. 1893లో సర్వమత మహాసభకు ముందు, ఆ నగరపు వీథిప్రక్కన దిక్కుతోచక కూర్చుండియున్న సన్న్యాసిని లోనికి పిలిచి అన్నము పెట్టిన యిల్లాలు ఆమెయే. అంత గొప్ప నగరమున ఆ యొక్క కలయికను జీవనచరిత్రకారులు ప్రత్యేకముగా చెప్పుట సమంజసముగనే యున్నది.

రోమునగరమున క్రిస్మసు పర్వదినమున సేవియర్ దంపతులతో కలిసి సెయింట్ పీటర్ మహాలయమునకు వెళ్లిరి. ఇక్కడ జరిగినది చిన్న విషయమే గాని, స్వామి చూపు ఎట్టిదో తెలియుటకు చాలును. ఆ పూజావిధానమును చూచి ఆయన మొదట చలించిరి. దేవుని సాకారునిగా నమ్మినవాడు తన కున్నవానిలో శ్రేష్ఠమైనదే సమర్పించును గదా యని ఆయన భావము. మన ఉత్సవములు, అలంకారములు ఎరిగినవారికి ఇందులో వింత లేదు. కాని కొంతసేపటికి మిత్రుల చెవిలో మరొక మాట చెప్పిరి. తల వాల్చుకొనుటకు చోటు లేని ఆ దీనుని పేర ఇంత ఆడంబరమేల యని. ఒకే చోట, ఒకే పూట, రెండు భావములు! వీనిలో ఏది స్వామి మతమని కొందరు తర్కింతురు. తర్కము అనవసరము. రెండును చూచినవాడే పూర్తిగా చూచినవాడు. మెచ్చుకొనుటకే వచ్చినవాడు మొదటిదానితో ఆగును. తప్పులెన్నుటకే వచ్చినవాడు రెండవదానితో ప్రారంభించును.

డిసెంబరు 30న నేపుల్సులో ఓడ యెక్కి, 1897 జనవరి 15న కొలంబోలో దిగిరి. అనంతరము సేవియర్ దంపతులు హిమాలయములలో స్థలము వెదకి, 1899 మార్చి 19న మాయావతిలో అద్వైతాశ్రమమును నెలకొల్పిరి. ఆల్ప్స్ మంచులో అనుకొనిన మాట ఆ విధముగా కొండమీద ఇల్లై నిలిచినది.

రెండవ యాత్ర 1899 జూన్ 20న కలకత్తాలో ప్రారంభమైనది. ఆ ఓడ పేరు "గోల్కొండ" యగుట తెలుగువారికి ముచ్చట గొలుపును. 1893 ఫిబ్రవరిలో హైదరాబాదునకు వచ్చినప్పుడు స్వామి ఆ కోటను కన్నులార చూచియుండిరి. ఈ యాత్ర చివర, 1900 అక్టోబరు 24న, కొందరు మిత్రులతో పారిసు నుండి తూర్పునకు బయలుదేరిరి. ఆతిథ్యమిచ్చినది ప్రసిద్ధ గాయని మదాం కాల్వే. గొప్ప శోకములో నున్నప్పుడు స్వామి మాటలవలన ఊరట పొందినది. జోసెఫిన్ మెక్లౌడ్ మరియొకరు. తాను స్వామికి శిష్యురాలను కాను, మిత్రురాలనని చెప్పుకొనుట ఆమెకు ఇష్టము. వియన్నాలో మూడు దినములు రాజసౌధములను, చిత్రశాలలను చూచిరి. 28వ తేదీ రాత్రి మరల రైలెక్కి 30న కాన్‌స్టాంటినోపుల్ చేరిరి. పిమ్మట ఏథెన్సు: అక్రోపోలిస్ కొండ, జియస్ దేవుని ఆలయపు స్తంభములు, ప్రాచీన రహస్యోపాసనలకు పేరుపడిన ఎల్యూసిస్. నాలుగవ దినమున ఓడ యెక్కి ఈజిప్టు. కైరోలో వస్తుప్రదర్శనశాల, పిరమిడ్లు, సింహదేహము గల స్ఫింక్సు శిల్పము. ఈ పట్టిక చదువువానికే కన్నులు అలయును.

కైరోలో ఒకనాడు జరిగిన సంఘటనను కాల్వే స్వీయచరిత్రలో వ్రాసినది. మాటల సందడిలో దారి తప్పి ఆ బృందము ఒక మురికివాడలో చిక్కెను. కిటికీలలోను, గుమ్మములమీదను అర్ధనగ్నలైన స్త్రీలు. శరీరములనే అమ్ముకొని బ్రదుకువారు. ఒక శిథిలమైన యింటి నీడలో బల్లమీద కూర్చున్న కొందరు స్వామిని చూచి నవ్వి కేకలు వేసిరి. వెంటనున్న స్త్రీలలో ఒకరు అందరిని త్వరగా ముందుకు నడిపింపజూచిరి. సభ్యులైన యాత్రికులు చేయుపని అదియే. చూడదగినవాని పట్టికలో ఆ వీథి లేదు. కంటబడినను పడనట్లే నడచిపోవలెను. స్వామి మెల్లగా బృందము నుండి విడివడి ఆ స్త్రీల యొద్దకే వెళ్లిరి. తమలోని దైవత్వమును దేహసౌందర్యమున పెట్టుకొని ఈ స్థితికి వచ్చిరిగదా యని జాలిపడి, వారి యెదుట నిలిచి కన్నీరు కార్చిరి. కేకలు ఆగిపోయెను. వారిలో ఒకతె వంగి ఆయన వస్త్రపు అంచును ముద్దిడుకొనెను. మరియొకతె ఆ చూపునకు తాళలేక చేయి అడ్డుపెట్టుకొని ముఖమును దాచుకొనెను.

పిరమిడ్లను చూచిన కన్నులే ఇవియు. వేల యేండ్ల క్రిందటి రాజుల సమాధుల ముందు ఆశ్చర్యపడుట తేలిక. ఆ సమాధులు చూచువానిని ఏమియు కోరవు. బల్లమీది స్త్రీ కోరును. అందుకే దారి తప్పిన యాత్రికుడు తల త్రిప్పుకొనును. దారి తప్పుట ఆనాడు అందరికిని సమానమే, ఆగినవాడు ఒక్కడు.

కైరోలోనే స్వామి హఠాత్తుగా ఇక స్వదేశమునకు పోవలెనని చెప్పిరి. మనస్సులో ఏదో కీడు తోచినదని జీవనచరిత్రకారుల మాట. ఇచట ఒక ధర్మసందేహము కలుగును. ఆదరముతో ఇంత దూరము తీసికొనివచ్చిన ఆతిథేయిని నడుమ విడిచిపోవుట న్యాయమా? కలిసి బయలుదేరినవారు కలిసి తిరిగిరావలెనను మర్యాద ఒకటి కలదు. ప్రక్కనున్న మిత్రునికి చెల్లింపవలసిన ఋణము, దూరమున నున్న మిత్రుని పిలుపు, ఈ రెంటిలో ఏది బరువైనది? దీనికి ఎల్లవేళల చెల్లు సమాధానము లేదు. ప్రక్కనున్నవారు అడ్డు చెప్పకుండుట మాత్రము స్వామి అదృష్టము. పోవలెనన్న మిత్రుని "ఇంకొక్క దినము, ఇంకొక్క వింత" అని పట్టి నిలుపక, వారు బాధతోనే సాగనంపిరి. చూపించు మిత్రులు అందరికిని దొరకుదురు. పోనిచ్చు మిత్రులు అరుదు.

నవంబరు చివరి వారమున ఓడలో బయలుదేరి, డిసెంబరు 6న బొంబాయిలో దిగి, ఎవ్వరికిని తెలుపక 9వ తేదీ రాత్రి బేలూరు మఠము చేరిరి. లోపల భోజనపు గంట మ్రోగినది. తలుపు తాళము తీయువరకు ఓపిక పట్టలేక గేటు దాటి లోనికి దూకి, గంట విన్నాను, ఆలస్యమైన తిండి దొరకదని వచ్చితినని సోదర సన్న్యాసులను నవ్వించిరట. ఆ రాత్రి అందరితో కూర్చుండి పులగము తినిరి.

తెలియవలసిన వార్త కూడ అక్కడనే తెలిసినది. సేవియర్ మాయావతిలో కన్నుమూసిరి. తన తొందర నిష్ఫలమైనదని స్వామి రెండు దినముల తరువాత మెక్లౌడునకు జాబు వ్రాసిరి.

సేవియర్ మరణించినది అక్టోబరు 28. ఆ రాత్రియే స్వామి వియన్నాలో రైలెక్కినది. కాన్‌స్టాంటినోపుల్, ఏథెన్సు, నైలునదీ తీరము, అన్నియు ఆ మిత్రుడు లేని లోకమున చూచినవే. చూచువానికి ఆ సంగతి తెలియదు. తెలియకపోవుట దోషము కాదు. ప్రతి మిత్రుని మంచము ప్రక్కను కూర్చుండుట ఎవనికిని సాధ్యము కాదు. కాని ఏ వేడుకను చూచుచున్న క్షణమున ఏ యింట దీపము ఆరుచున్నదో యను ఎరుక కంటికి కొంత వినయము నేర్పును. విదేశమునకు బయలుదేరిన ప్రతివాని సామానులోను, చెప్పక వచ్చి చేరు బరువు ఇది.

వేగిరపాటు నిష్ఫలమైనదని వ్రాసిన స్వామి అంతటితో ఊరకుండలేదు. ఉబ్బసముతో బాధపడుచునే డిసెంబరు 27న కలకత్తా విడిచి, 29న కాఠ్‌గోదాం చేరిరి. అక్కడినుండి మాయావతికి కొండదారి సుమారు 65 మైళ్లు. 1900వ సంవత్సరపు కడపటి రాత్రిని, మంచులో చిక్కి, త్రోవప్రక్కన గుడిసెవంటి ఒక అంగడిలో గడపవలసివచ్చెను. రెండు నెలల క్రిందట ఐరోపాఖండపు మేటి రైలులో పయనించినవారే ఆయన. 1901 జనవరి 3న ఆశ్రమము చేరిరి. పోయినవారికొరకు చేయగలిగినది లేదు. సేవియర్ దేహమును బ్రాహ్మణులు మోసికొనిపోయి, సమీపనదీతీరమున హిందూ సంప్రదాయము ప్రకారము అప్పటికే దహనము చేసియుండిరి. స్వామి వచ్చినది ఉన్నవారికొరకు, తాను "అమ్మా" అని పిలిచిన ఆ యిల్లాలికొరకు.

పదునైదు దినములు అక్కడ నుండిరి. చలి మిక్కుటము, మంచు పడుచుండుటచే అంతగా బయటికి పోవుటకు వీలు లేదు. నాలుగున్నర యేండ్ల క్రిందట ఆల్ప్స్ మంచును కలిసి చూచినవారిలో ఇప్పుడు ఇక్కడ నున్నది ఇద్దరు. జనవరి 18న స్వామి కొండ దిగిరి. ఆమె ఆ పిమ్మట చాల సంవత్సరములు ఆ కొండలలోనే, ఆశ్రమపు పనులు చూచుకొనుచు నివసించెను.