గురి కుదరడం

నవంబరు మొదటి వారం, పెన్సిల్వేనియాలో ఒక షూటింగ్ రేంజ్. చెవులకి మఫ్స్ పెట్టుకుని చెక్కబల్ల పక్కన కూర్చున్నాను. మా టీమ్‌లో టెస్టింగ్ చూసే ఒకాయన, యాభై దాటినవాడు, రైఫిల్‌ని ఇసుక సంచుల మీద ఆనించి 100 గజాల అవతలున్న కాగితాన్ని కొడుతున్నాడు. మూడు తూటాలు కొట్టి, గొట్టం చల్లారేదాకా ఆగి, మళ్ళీ మూడు. బల్ల మీదున్న స్పాటింగ్ స్కోప్‌లోంచి చూసి ఏ చిల్లు ఎక్కడ పడిందో రాయడం నా పని. థాంక్స్‌గివింగ్ తర్వాతి శనివారం ఇక్కడ జింకల సీజన్ మొదలవుతుంది. ఈసారి తుపాకీ సరిచూసుకునేటప్పుడు పక్కన ఎవరైనా ఉండాలని ఆయన పట్టుబట్టాడు. ఎందుకో తెలియాలంటే పోయినేడు జరిగింది చెప్పాలి.

పోయినేడు ఆయన కొత్త స్కోప్ కొన్నాడు. 150 డాలర్ల లోపుది. చవకదే గానీ ఎంపిక తెలివైనదే. ఆ ధరలో 20 రెట్లు పెద్దగా చూపిస్తామనే స్కోపులు కూడా దొరుకుతాయి. వాటి జోలికి పోకుండా 3 నుంచి 9 రెట్లు, 40 మిల్లీమీటర్ల అద్దం ఉన్న మామూలు రకం తీసుకున్నాడు. జింకలు ఎక్కువగా కదిలేది తెల్లవారుజామునా మునిమాపునా. ఆ మసక వెలుగులో మరీ పెద్దది చేసి చూస్తే బొమ్మ ఇంకా మసకబారుతుంది. అద్దం వెడల్పుని రెట్లతో భాగిస్తే కంటికి చేరే వెలుగు వృత్తం ఎంతో తెలుస్తుంది: 40ని 9తో భాగిస్తే నాలుగున్నర మిల్లీమీటర్లు కూడా రాదు, 4తో భాగిస్తే 10 వస్తుంది. 100 గజాల్లో ఉన్న జింకకి 4 రెట్లు చాలు. మిగిలిన డబ్బు స్కోప్‌ని తుపాకీకి పట్టి ఉంచే రింగుల మీద పెట్టాడు.

తప్పు ఆ తర్వాత జరిగింది. కొత్తగా బిగించిన స్కోప్‌ని మొదట 25 గజాల దగ్గర చూసుకుంటారు, ముందు తూటా కాగితం మీదైనా పడాలి కాబట్టి. ఆయన తూటా నడి చుక్కకి ఒకటిన్నర అంగుళం ఎడమగా పడింది. వాన మొదలైంది, ఒక్కో తూటా దాదాపు రెండు డాలర్లు, పైగా ఒకటిన్నర అంగుళం ఒక లెక్కా? ఇంటికొచ్చేశాడు.

కానీ తుపాకీలో ఉన్న తేడా కోణంలో ఉంటుంది. 25 గజాల దగ్గర ఒకటిన్నర అంగుళం ఉన్నది 100 గజాల దగ్గరికి 6 అంగుళాలవుతుంది. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు మొత్తం కలిపితే దాదాపు 8 అంగుళాల పళ్ళెమంత. సరిగ్గా మధ్యకి గురిపెట్టినా అటూ ఇటూ నాలుగంగుళాలే వెసులుబాటు. ఆ సీజన్‌లో ఒక సాయంత్రం జింక ఒకటి కుడివైపు తలపెట్టి అడ్డంగా నిలబడింది. భుజం వెనక గురిపెట్టి కొట్టాడు. తూటా ఆరంగుళాలు ఎడమకి, అంటే పొట్టలోకి పోయింది.

ఊపిరితిత్తులకి తగిలితే రక్తం నురగతో గులాబీరంగులో ఉంటుంది, జింక ఎక్కువ దూరం పోదు. పొట్టకి తగిలితే రక్తంలో ఆకుపచ్చ కలిసి వాసన వస్తుంది. ప్రాణం పోవడానికి గంటలు పడుతుంది. వెంటనే వెనకపడితే బెదిరి ఇంకా దూరం పోతుంది కాబట్టి ఆగి వెతకాలి. ఆయన ఆగాడు. రాత్రి వాన పడి జాడ కొట్టుకుపోయింది. మర్నాడు చీకటి పడేదాకా వెతికాడు. దొరకలేదు.

ఆఫీసులో నాకు ఇదంతా చెప్తూ మొదట అన్నమాట: "నేను సరిగ్గానే గురిపెట్టాను." అందులో అబద్ధం లేదు. అందుకే ఆ మాట ఏడాదిగా నన్ను వదల్లేదు.

*

మన దగ్గరా ఇలాంటి మాటలు చాలా ఉన్నాయి. నా ఉద్దేశం అది కాదు. నీ మంచికే చెప్పాను. మనసులో ఏం పెట్టుకుని అనలేదు. మనసు మంచిదైతే చాలని వింటూ పెరిగినవాళ్ళం. అందులో కొంత నిజం ఉంది, పొరపాటునీ క్రూరత్వాన్నీ ఒకే గాటన కట్టలేం. కానీ జింక దాకా వెళ్ళింది ఆయన ఉద్దేశం కాదు, తూటా. ఆ రెండిటి మధ్యనున్న ఆరంగుళాలు ఎవరి ఖాతాలో వేయాలి? ముందే తెలుసుకునే వీలుండి కూడా తెలుసుకోకపోతే, తెలియకపోవడం సాకు కాలేదు. స్కోప్ మీదుండే చిన్న చక్రాన్ని ఒక్క క్లిక్ తిప్పితే 100 గజాల దగ్గర తూటా పావు అంగుళం జరుగుతుంది. ఆరంగుళాలంటే 24 క్లిక్కులు. అర నిమిషం పని.

అమెరికన్ రచయిత ఆల్డో లియోపోల్డ్, తనూ వేటగాడే, 1949లో వచ్చిన 'ఎ శాండ్ కౌంటీ అల్మనాక్'లో వేటగాడికి ప్రేక్షకులు ఉండరని గుర్తుచేస్తాడు. మెచ్చుకునేవాళ్ళూ తప్పుపట్టేవాళ్ళూ లేనిచోట మనస్సాక్షే దిక్కు. నిజమే. కానీ ఆ వానరోజు మా సహోద్యోగి మనస్సాక్షి ఎక్కడికీ పోలేదు. దానికి అంగుళాలు తెలియవు, అంతే. చిల్లు ఎక్కడ పడిందో చూపించే కాగితం దానికి కావాలి. మొహమాటం లేకుండా ఆ కాగితాన్ని చదివే ఇంకో మనిషి పక్కనుంటే మరీ మంచిది. "ఎడమ, అంగుళం" అని చెప్పడానికి నాకు వేట తెలియనక్కర్లేదు.

'గురి' అనే మాట చిత్రమైంది. ఒక మనిషి మీద గురి కుదరడమంటే నమ్మకం కుదరడం. బాధకి గురికావడమంటే ఆ బాధ పడడం. కొట్టేవాడి చూపు, నమ్మేవాడి నమ్మకం, పడేవాడి నొప్పి, మూడిటికీ ఒకటే మాట. పోయినేడు ఆయన చూపులో లోపం లేదు. నమ్మకాన్ని మాత్రం పరీక్షించకుండానే తుపాకీకి ఇచ్చేశాడు. మూడోది జింకకి మిగిలింది.

అయితే తుపాకీ సరిచేసుకుంటే సరిపోతుందా? దశరథుడు సరయూ ఒడ్డున చీకట్లో నీళ్ళ చప్పుడు విని ఏనుగనుకున్నాడు. బాణం అంగుళం కూడా తప్పలేదు. కడవలో నీళ్ళు ముంచుకుంటున్న కుర్రాడు చచ్చిపోయాడు. అది ఎన్ని క్లిక్కులు తిప్పినా దిద్దలేని తప్పు. ఇక్కడ వేట నేర్పే తరగతుల్లో ఒక నియమం చెప్తారు: కదిలిందేమిటో తెలుసుకోవడానికి స్కోప్ వాడకూడదు, బైనాక్యులర్స్ వాడాలి. స్కోప్‌లోంచి చూస్తే తుపాకీ కూడా అటే చూస్తుంది, అక్కడున్నది మనిషైనా సరే. ఇది విన్నప్పుడు నాకు వేట గుర్తురాలేదు. వాదనల్లో ఎదుటివాళ్ళని నేను ఎన్నిసార్లు స్కోప్‌లోంచే చూశానో గుర్తొచ్చింది.

ఇంతకీ అసలు ప్రశ్న దాటేస్తున్నానా? చంపొచ్చా అని అడగాల్సినచోట ఎంత నేర్పుగా చంపాలో లెక్కలేయడం కూడా ఒకరకం తప్పించుకోవడమే. అదే ఆయన్ని అడిగాను. ఇక్కడ తోడేళ్ళు ఎప్పుడో పోయాయి, జింకలు పెరిగి అడవిలో మొలకలు బతకనివ్వట్లేదు, రోడ్ల మీద కార్లకి అడ్డం వస్తున్నాయి, ఇవన్నీ చెప్తాడనుకున్నాను. చెప్పలేదు. "నువ్వు మాంసం తింటావుగా, అదెలా చచ్చిందో నీకు తెలుసా?" అన్నాడు.

తెలీదు. తెనాలిలో మా ఇంట్లో ఆదివారమంటే మటన్. నాన్న డబ్బులిచ్చి పంపుతూ "కార్జం విడిగా కట్టించుకు రారా" అనేవాడు. నేను వెళ్ళేసరికే మేకపోతు కొక్కేనికి వేలాడుతుండేది. కత్తి పదునుగా ఉందా, మొదటి వేటుకే అయిందా అని ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు ప్లాస్టిక్ ట్రేలో కొంటాను, ఇంకాస్త దూరం నుంచి. దగ్గర్లో చిన్నగా ఉన్న తప్పు దూరానికి పెద్దదవుతుందని నోట్‌బుక్కులో లెక్కేసుకున్నది నేనే. కానీ నా గురి ఎంత తప్పిందో చూపించే కాగితం నాకు లేదు. మాంసం మానేశానని రాయగలిగితే బావుండేది, ఇంకా మానలేదు. వేటగాడు క్రూరుడు, నేను కాదు అనే మాట మాత్రం ఇక అనలేను.

*

ఆ సాయంత్రం ఆఖరి మూడు చిల్లులూ నడి చుక్క చుట్టూ దగ్గరదగ్గరగా పడ్డాయి. తర్వాత 20 క్లిక్కులు పైకి, 20 కుడికి, 20 కిందికి, 20 ఎడమకి తిప్పి మళ్ళీ కొట్టాడు, చవక స్కోప్ మాట మీద నిలబడుతుందో లేదోనని. తూటా మొదటిచోటికే వచ్చింది.

"అయిపోయినట్టేగా" అన్నాను.

"లేదు. రేపు పొద్దున చల్లటి గొట్టంతో ఇంకొక్కటి. అడవిలో రెండోది, మూడోది అంటూ ఉండవు."

మర్నాడు మళ్ళీ వెళ్ళాం. ఒకటే కొట్టాడు. "కుడి, అరంగుళం" అన్నాను.

"రాసుకో" అన్నాడు.