పంది ఎవరిది?

లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీద కిరాతార్జునీయం చూసినప్పటి నుంచి ఒక సందేహం నన్ను వదలడం లేదు. అర్జునుడు, బోయవేషంలో శివుడు, ఇద్దరి నడుమ అడవిపంది. కొట్టింది నేనంటే నేనని వాళ్లకు తగువు. అచ్యుతదేవరాయల కాలం నాటి ఆ బొమ్మ కింద నిలబడినవాళ్లంతా ఒకటే చెప్తారు: అది పంది కాదు, మూకాసురుడు. నీలం దాదాపు లేని ఆ రంగుల్లో, ఆ నల్లటి గీతల్లో ఎంత వెతికినా నాకు అసురుడు దొరకలేదు. పందే కనిపించింది.

అసురుడనేస్తే చంపడం పాపం కాకుండా పోతుందా? పశుపతే బాణం వేశాక ఆ పశువు పక్షాన మాట్లాడడానికి ఎవరు మిగిలారు?

మంగంపేటలో ముగ్గురాయి గనులకు అవతల, కొండవార చేలల్లో ఈ ప్రశ్నకు ఇంకో రూపం ఉంది. శేషాచలం అడవుల నుంచి పందుల గుంపు దిగిందంటే చెనిక్కాయ చేను తెల్లారేసరికి గుంతలు గుంతలుగా మిగులుతుంది. ఒక రాత్రి పెద్దనాయనతో మంచె మీద ఉన్నాను. టార్చి వేస్తే తల్లిపంది, వెనక ఒంటిమీద చారలు పోని పిల్లలు. ముట్టెతో చెట్లు పెకలిస్తోంది. పెద్దనాయన డబ్బా చేతిలోకి తీసుకొని కాసేపు ఊరకే చూశాడు.

"దానికీ కడుపుండాది గదా నాయనా" అన్నాడు. "నాకూ ఉండాది" అని డబ్బా వాయించాడు.

ఆయన దాన్ని రాక్షసి అనలేదు. పందిని పందిగానే చూశాడు, తరిమాడు. నా వాదం అక్కడే ఆగిపోతుంది. ఉన్నదున్నట్టు చూసినంత మాత్రాన పందికి ఒరిగేదేమీ లేదు. చేను చేనే, ఆకలి ఆకలే.

మరి కథకు అసురుడెందుకు? మీదికొచ్చే పందిని కొట్టడానికి అర్జునుడికి ప్రాణభయం చాలు. శివుడికో? కాపాడుకోవలసిన పంట లేదు, ఆకలి లేదు, భయం లేదు. ఏ అవసరమూ లేనివాడు చంపాలంటే చచ్చేది అసురుడై తీరాలి. అంటే ఉత్త పందిని ఊరికే చంపకూడదని ఆ కథ చెప్పినవాళ్లకు తెలుసు. మూకాసురుడన్న పేరులో నాకిప్పుడు క్రూరత్వం కన్నా జంకే ఎక్కువగా వినిపిస్తోంది. ఆ జంకును గౌరవిస్తాను.

అయినా ఆ బొమ్మలోని పందిని నేను అసురుడనను. ఎందుకు చంపావంటే జవాబు చెప్పుకోవలసింది చంపినవాడు. ఆ జవాబును తెచ్చి చచ్చినదాని మొహాన పులమకూడదు.