ఆడలేకపోతున్నవాడి కోసం ఒక ప్రార్థన

నేటి వాక్యభాగం: లూకా సువార్త 22:31–34

అభిమాని కోపం ఊరికే పుట్టదు. పనులు మానుకుని, డబ్బు పెట్టి టికెట్టు కొని, జట్టు రంగు చొక్కా వేసుకుని వెళ్లి కూర్చుంటాడు. తీరా చూస్తే బ్యాటర్లు ఒకరి వెనక ఒకరు వెళ్లి ఉత్త చేతులతో తిరిగొస్తుంటారు. ఒళ్లు మండదా? క్రికెట్ చూసే మనకు ఈ మంట గురించి ఎవరూ చెప్పనక్కరలేదు. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లినప్పుడు టీవీలో బేస్‌బాల్ చూసి, అసలు ఇందులో ఏముందని అడిగే పెద్దవాళ్లకు మాత్రం ఒక మాట చెప్పాలి. ఆ ఆటలో సీజను ఇంచుమించు ఆరు నెలలు. మేజర్ లీగ్‌లో ఇప్పుడు ఒక్కో జట్టు 162 మ్యాచ్‌లు ఆడుతుంది. అంటే దాదాపు రోజూ ఆటే. బ్యాటరు ఫామ్ పోగొట్టుకున్నాడంటే ఆ వైఫల్యం రోజూ సాయంత్రం అభిమాని ఇంటికి వచ్చి కూర్చుంటుంది.

పదిసార్లు బ్యాటు పట్టి మూడుసార్లు హిట్ కొట్టగలిగితే అక్కడ గొప్ప బ్యాటరు కింద లెక్క. మిగతా ఏడు వైఫల్యాల్నీ జనం క్షమించేస్తారు. ఆ మూడు కాస్తా రెండుకీ, ఒకటికీ జారినప్పుడే గోల మొదలవుతుంది. బంతి విసిరేవాడు నిలబడేది 60 అడుగుల 6 అంగుళాల దూరంలో. ఆ దూరం దాటి రావడానికి బంతికి అర సెకను కూడా పట్టదు. పైగా బంతి గుండ్రం, బ్యాటూ గుండ్రమే. క్రికెట్ బ్యాటులా దానికి వెడల్పాటి ముఖం ఉండదు. మనసులో ఒక్క సందేహం దూరితే చెయ్యి ఆలస్యమవుతుంది. చెయ్యి ఆలస్యమైన కొద్దీ సందేహం పెరుగుతుంది.

బాల్టిమోర్ ఒరియోల్స్ జట్టులో క్రిస్ డేవిస్ అనే ఆటగాడుండేవాడు. 2013లో 53 హోమ్ రన్లు, అంటే మన సిక్సర్ల లాంటివి, బాదిన మనిషి. జట్టు అతనితో ఏడేళ్లకు 16 కోట్ల 10 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకుంది. అంతటివాడికి 2018 సెప్టెంబరులో మొదలైన కరవు 2019 ఏప్రిల్ దాకా తీరలేదు. లెక్కలోకి వచ్చే బ్యాటింగ్‌లు వరసగా 54, హిట్లు సున్నా. బంతి విసిరే పిచ్చర్లను పక్కన పెడితే మేజర్ లీగ్‌లో అప్పటిదాకా ఎవరికీ అంత పొడుగు కరవు రాలేదు. సొంత మైదానంలో సొంత జనమే అతన్ని గేలి చేశారు. వాళ్లను తప్పు పట్టడం తేలిక, కానీ నాకు నోరు రావడం లేదు. "అన్ని కోట్లు తీసుకుంటున్నాడు కదా" అనడంలో అన్యాయమేమీ లేదు. ఫిర్యాదు చెయ్యడమే పాపమైతే కీర్తనల గ్రంథంలో చాలా పుటలు చింపెయ్యాల్సి వస్తుంది. భక్తులు దేవుడి మీదే ఫిర్యాదు చేశారు. ఆ ఫిర్యాదులు ఇవాళ్టికీ మన బైబిల్లో ఉన్నాయి. అయితే వాళ్లు తమ కోపాన్ని పట్టుకెళ్లిన చోటు వేరు.

1953లో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్ ప్రజలు కూడా తమ కోపాన్ని అలాంటి చోటికే తీసుకెళ్లారు.

అప్పట్లో బ్రూక్లిన్‌కి డాడ్జర్స్ అనే సొంత జట్టుండేది. దానికి ఫస్ట్ బేస్ దగ్గర ఆడేవాడు గిల్ హాడ్జెస్. ఇండియానాలో పుట్టిన బొగ్గుగని కార్మికుడి కొడుకు. రెండో ప్రపంచయుద్ధంలో మెరైన్‌గా ఒకినావాలో పనిచేసి వచ్చాడు. మితభాషి. 1950 ఆగస్టు 31న ఒక్క మ్యాచ్‌లోనే నాలుగు హోమ్ రన్లు కొట్టాడు. 1952 సీజన్లో 32 కొట్టాడు. ఆ అక్టోబరులో అదే నగరంలోని మరో జట్టు యాంకీస్‌తో, ఆ ఏటి టైటిల్ తేల్చే వరల్డ్ సిరీస్ జరిగింది. ఏడు మ్యాచ్‌లలో హాడ్జెస్ లెక్క ఇదీ: 21 బ్యాటింగ్‌లు, ఒక్క హిట్టూ లేదు. డాడ్జర్స్ ఏడో మ్యాచ్‌లో ఓడిపోయారు. బ్రూక్లిన్ అప్పటికి ఒక్క వరల్డ్ సిరీస్ కూడా గెలిచి ఎరగదు. మరుసటి ఏడు మళ్లీ ఆటలు మొదలయ్యాయి గానీ హాడ్జెస్ చెయ్యి తిరగలేదు. మే వచ్చేసరికి పదింట రెండు హిట్లు కూడా పడటం లేదు. మేనేజరు చక్ డ్రెసెన్ అతన్ని కొన్నాళ్లు పక్కన కూర్చోబెట్టాడు.

బ్రూక్లిన్ అభిమానులు సాధువులని అనుకోకండి. అదే జట్టులో ఇంకా గొప్ప బ్యాటరు డ్యూక్ స్నైడర్‌ని 1955లో ఎంతగా గేలి చేశారంటే, ఈ జనానికి టైటిల్ దక్కే అర్హత లేదని అతను పత్రికలవాళ్ల ముందే అనేశాడు. హాడ్జెస్ విషయంలో మాత్రం ఆ నోళ్లే మెత్తబడ్డాయి. ఇంటికి ఉత్తరాలు పంపారు. కథోలికులు జపమాలలు పంపారు. యూదులు గుమ్మానికి కట్టుకునే తమ వాక్యపు పేటికలు పంపారు. అదృష్టం కలిసొస్తుందని ఏవేవో తాయెత్తులు పంపినవాళ్లూ ఉన్నారు. ఇవన్నీ శుద్ధమైన విశ్వాసమేనా అని ప్రశ్నించేవాళ్లుంటారు. ఆ తగువులోకి నేను దిగను.

ఆ వేసవి మొదట్లో ఒక ఆదివారం, బ్రూక్లిన్‌లోని సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ చర్చిలో ఫాదర్ హెర్బర్ట్ రెడ్మండ్ ప్రసంగానికి లేచారు. ఉక్కగా ఉంది. ఈ వేడిలో ప్రసంగం వద్దు, ఇళ్లకు వెళ్లండి, ఆజ్ఞలు పాటించండి, గిల్ హాడ్జెస్ కోసం ఒక ప్రార్థన చెయ్యండి అని ఆయన ముగించేశారు. ప్రసంగం అంత తొందరగా అయిపోయినందుకే ఆ రోజు చాలామంది దేవుణ్ణి మనసారా స్తుతించి ఉంటారు. నవ్వొచ్చే మాట కాబట్టే అమెరికాలో ఇప్పటికీ దాన్ని చెప్పుకుంటున్నారు. అయితే ఫాదర్ గారు అడిగినదేమిటో కాస్త నిదానంగా చూడండి. డాడ్జర్స్ గెలవాలని ప్రార్థించమనలేదు. అలా ప్రార్థిస్తే నది అవతల యాంకీస్ అభిమాని కూడా అదే దేవుణ్ణి అదే గెలుపు అడుగుతాడు. ఆయన జట్టును పక్కన పెట్టి, ఆ జట్టును ముంచుతున్న మనిషిని పేరు పెట్టి జనం చేతుల్లో పెట్టారు.

మన సంఘాల్లో ప్రార్థన అంశాలు చదువుతారు కదా. పరీక్షలు, ఆపరేషన్లు, వీసాలు, పెళ్లి సంబంధాలు, ఉద్యోగాలు. అన్నీ ఉండవలసినవే. తన పని తాను సరిగ్గా చెయ్యలేక మనకు నష్టం తెస్తున్నవాడి పేరు మాత్రం ఆ చీటీల్లో కనబడదు. క్వయర్‌లో శ్రుతి తప్పుతున్న తమ్ముడి గురించీ, పిల్లల్ని అదుపు చెయ్యలేకపోతున్న సండే స్కూలు అక్క గురించీ, ఈ మధ్య ప్రసంగాల్లో పస తగ్గిన పాస్టరు గారి గురించీ మనం ఎక్కడ మాట్లాడుకుంటాం? ఆరాధన అయ్యాక, బయట చెప్పులు వేసుకుంటూ.

ఇంతకీ బ్రూక్లిన్ ప్రార్థన ఫలించిందా? ఫలించిందనే అనాలి, కానీ ఇందులో ఇంకో సంగతి ఉంది. డ్రెసెన్ ఊరికే కూర్చోలేదు. హాడ్జెస్ బ్యాటింగ్‌ని ఫిల్మ్ తీయించి అతనికే చూపించాడు. బంతి వచ్చేటప్పుడు ముందరి కాలు బంతి వైపు వెయ్యకుండా మూడో బేస్ వైపుకి లాగేస్తున్నాడు. క్రికెట్ మాటల్లో చెప్పాలంటే కాలు లెగ్‌సైడుకి తీసేస్తున్నాడు. కాలు అటు పోతే బ్యాటు బయటి బంతికి అందదు. ఆ లోపం దిద్దుకున్నాడు. సీజను ముగిసేసరికి సగటు .302, అంటే పదింట మూడు హిట్లు, హోమ్ రన్లు 31, అతని బ్యాటు వల్ల వచ్చిన పరుగులు 122. ప్రార్థన వల్లనా, ఫిల్మ్ వల్లనా అని తేల్చాలని నాకు అనిపించదు. మాత్ర వేసుకుని మోకరించేవాళ్లమే కదా మనమంతా. ఇంకొకటి కూడా దాచకుండా చెప్పాలి. ఆ అక్టోబరులో హాడ్జెస్ బాగా ఆడినా డాడ్జర్స్ మళ్లీ యాంకీస్ చేతిలోనే ఓడిపోయారు. ప్రార్థనను కప్పుతో కొలిచేవాడికి 1953లో దొరికేది శూన్యం.

కప్పు దొరకకపోయినా, ఆ ప్రార్థన ముందు ప్రార్థించినవాళ్ల నోటి మీద పనిచేసిందని నేను నమ్ముతాను. పొద్దున పేరెత్తి దేవుణ్ణి వేడుకున్న మనిషిని సాయంత్రం అదే నోటితో తిట్టాలంటే నాలుక తడబడుతుంది. యాకోబు పత్రిక మూడో అధ్యాయం ఈ ఒక్క నోటి గురించే అంత గట్టిగా మాట్లాడింది.

ఇప్పుడు లూకా 22లోకి వెళదాం. పస్కా భోజనం ముగిసింది. ప్రభువు సీమోను పేతురు వైపు తిరిగి, సాతాను మిమ్మల్ని జల్లెడ పట్టాలని అడిగాడని చెబుతాడు. ఆ వెంటనే, నీ కోసం నేను ప్రార్థించాను అంటాడు. పేతురు ఇంకా బొంకలేదు. చెరసాలకైనా చావుకైనా సిద్ధమేనని ఇంకా ధీమాగానే ఉన్నాడు. అతను ఎన్నిసార్లు తప్పుతాడో, ఏ జాములో తప్పుతాడో ప్రభువుకు ముందే తెలుసు. మనకు అంత ముందుగా తెలిసి ఉంటే వాణ్ణి జట్టులోంచి తీసేసి ఇంకొకణ్ణి చూసుకునేవాళ్లం. ప్రభువు అతన్ని తీసెయ్యలేదు. అతను తప్పకూడదని అడిగినట్టు కూడా అక్కడ లేదు. విశ్వాసం పూర్తిగా ఆరిపోకూడదని మాత్రమే అడిగాడు. కోడి కూసింది, పేతురు బయటికి వెళ్లి ఏడ్చాడు. ఆ ఏడుపులో కూడా విశ్వాసం మిగిలే ఉంది. అదే రాత్రి ఇంకొకరి దగ్గర అది మిగలలేదు.

ఒకరి కోసం ప్రార్థించడంలో మనకు కష్టమైన చోటు ఇదే. "ప్రభువా, వాణ్ణి బాగుచెయ్యి" అంటాం. ఆ మాటలో సగం మన విసుగే ఉంటుంది. వాడు బాగుపడితే మనకు సుఖం కాబట్టి అడుగుతాం. వాడు ఓడిపోతున్నా లోపల విరిగిపోకూడదని అడగాలంటే, మన నష్టాన్ని కాసేపు మరిచిపోయి వాడి పక్కన నిలబడాలి.

ప్రభువు పేతురుకు ఒక పని కూడా అప్పగించాడు. నువ్వు తిరిగి వచ్చాక నీ సోదరులను బలపరచమన్నాడు. హాడ్జెస్ తరవాతి జీవితం చదువుతుంటే నాకు ఈ మాటే గుర్తొస్తుంది. 1955లో బ్రూక్లిన్ మొట్టమొదటిసారి వరల్డ్ సిరీస్ గెలిచిన ఏడో మ్యాచ్‌లో డాడ్జర్స్ చేసినవి రెండే పరుగులు, రెండూ హాడ్జెస్ బ్యాటు తెచ్చినవే. అంతకన్నా నన్ను పట్టుకునేది 1969. అప్పటికి అతను న్యూయార్క్ మెట్స్ మేనేజరు. 1962లో పుట్టిన ఏడే 120 మ్యాచ్‌లు ఓడి నవ్వులపాలైన జట్టు అది. 1969లోనూ బ్యాటింగ్ అంతంత మాత్రమే. హాడ్జెస్ ఉన్నవాళ్లనే మార్చి మార్చి ఆడించి, మూలన కూర్చున్నవాడికి కూడా వంతు ఇచ్చాడు. అలాగని మెత్తని మనిషి కాదు. ఎడమ వైపు దూరాన ఫీల్డింగ్ చేస్తున్న క్లియాన్ జోన్స్ బంతి వెనక మందకొడిగా కదిలాడనిపించి, అందరూ చూస్తుండగా అంత దూరం నడిచి వెళ్లి, జట్టులో అందరికన్నా బాగా ఆడుతున్న అతన్ని మైదానంలోంచి వెనక్కి తీసుకొచ్చాడు. అదే హాడ్జెస్, సీజనంతా .215 సగటుతో ఈదిన అల్ వైస్‌ని వరల్డ్ సిరీస్‌లో ఆడించాడు. వైస్ అక్కడ .455 కొట్టాడు. చివరిదైన ఐదో మ్యాచ్‌లో స్కోరు సమం చేసిన హోమ్ రన్ అతనిదే. కొట్టలేనివాడి గుండెలో ఏముంటుందో 21 సార్లు ఉత్త చేతులతో తిరిగొచ్చినవాడికి తెలియకుండా ఉంటుందా?

హాడ్జెస్ 1972 ఏప్రిల్ 2న గుండెపోటుతో పోయాడు. 48వ పుట్టినరోజుకు ఇంకా రెండు రోజులుంది. భూస్థాపన బ్రూక్లిన్‌లోనే జరిగింది.

ఇవాళ మీకు కోపం తెప్పిస్తున్న మనిషి బేస్‌బాల్ ఆటగాడు కాకపోవచ్చు. ఇంటర్ రెండోసారి తప్పిన కొడుకు కావచ్చు, పెట్టిన వ్యాపారమల్లా ముంచుతున్న బావగారు కావచ్చు, మీ వంతు పనిని కూడా పాడుచేస్తున్న తోటి ఉద్యోగి కావచ్చు. వాళ్ల కాలు ఎక్కడ తప్పు పడుతోందో మీకు కనబడితే డ్రెసెన్‌లా దగ్గర కూర్చోబెట్టి చూపించండి. అంతకు ముందు వాళ్ల పేరు ఒక్కసారి ప్రభువు దగ్గర పైకే చెప్పండి. ఈ పూట ప్రసంగం కూడా ఇక్కడితో చాలు.

ప్రార్థన: ప్రభువా, నన్ను విసిగిస్తున్న ఆ మనిషి పేరు నీకు తెలుసు. ఇవాళ ఆ పేరు నా నోటితో నీ దగ్గర చెబుతున్నాను. వాళ్లు గెలిచినా ఓడినా లోపలి దీపం ఆరిపోనివ్వకు. నేను తడబడే రోజు వచ్చినప్పుడు, నా పేరు నీ దగ్గర చెప్పేవాళ్లు ఒక్కరైనా ఉండేలా చెయ్యి. ఆమేన్.