పేరు లేని వరస

పని పంపకాలు నాకు కొత్తకాదు. సర్కారు బడి పంతులుని. ఓట్లొచ్చినా, పదో తరగతి పరీక్షలొచ్చినా ఎవరికి ఏ డ్యూటీయో కాగితం మీద గీతలు కొట్టి రాయడమే మా ఉద్యోగంలో సగం. అందుకే 2023లో పల్లె కమిటీ వాళ్ళు "జయంతి పనులు నువ్వు చూడు అబ్బయ్యా, కుర్రోళ్ళు నీ మాట వింటారు" అంటే సంబరంగా ఒప్పుకున్నాను.

ఏప్రిల్ 14 మాకు పండగ. సంక్రాంతి, దసరా ఊరివి. ఇదొక్కటే పూర్తిగా మాది. బాబాసాహెబ్ విగ్రహానికి కొత్త నీలం రంగు, పదమూడో తేదీ అర్ధరాత్రి కేకు, తెల్లారి ఊరేగింపు, ఎండలో మజ్జిగ, మధ్యాన్నం భోజనాలు. ఊరేగింపు ఊరి నడిబజార్లోంచే పోతుంది. మా తాత చెప్పులు చేతబట్టుకుని నడిచిన బజారది. ఆ బజార్లో నీలం జెండా పట్టుకుని నడుస్తుంటే వచ్చే ధైర్యం ఏ పుస్తకం చదివినా నాకు రాలేదు.

పెద్ద కాగితం మీద జాబితా రాసి కమ్యూనిటీ హాలు గోడకి అంటించాను. పందిరి దగ్గర ఫలానా, మైకు దగ్గర ఫలానా, వడ్డనకి ఫలానా ఎనిమిది మంది. అన్నీ పేర్లే, పెద్దవాళ్ళకి 'గారు' కూడా తగిలించాను. అడుగున రెండు వరసలున్నాయి. డప్పులు - గూడెం. ఎంగిలాకులు, ఊడ్పు - గూడెం.

మాది మాలపల్లె. రోడ్డుకి అవతల మాదిగగూడెం. విగ్రహం మా వైపుంది, కమిటీలో అంతా మావాళ్ళే. ఈ మాట మేం పైకి అనుకోం.

మర్నాడు బళ్ళో ఏడో తరగతి పిల్లాడు నా బల్ల దగ్గరికొచ్చాడు. "సార్, హాజరు పట్టీలో మా అందరి పేర్లూ ఉంటాయిగదా, ఆ గోడమీద మా నాయనమ్మ పేరు రాయలేదేంది?" అన్నాడు. వాడికి కోపం లేదు, నిజంగానే అడిగాడు. నేను "పో, లెక్కలు చేసుకో" అన్నాను. పదమూడేళ్ళ సర్వీసులో నేను పిల్లలకిచ్చిన చెత్త జవాబుల్లో అదొకటి.

వాళ్ళ నాయనమ్మ పంచాయితీలో పారిశుధ్యం పని చేస్తుంది. ఇప్పుడు ఆ పనికి గ్రీన్ అంబాసిడర్ అని పేరు పెట్టారు. సాయంత్రం వాళ్ళింటికి పోయాను. "అత్తా, తప్పయింది, పేరు రాస్తాను" అన్నాను.

"పేరు రాస్తే పని మారుద్దా?" అంది. "సంవచ్చరమంతా ఊరోళ్ళ చెత్త ఎత్తుతున్నా. ఆ ఒక్కరోజన్నా పంక్తిలో కూచుని తిందామనుకున్నా అబ్బయ్యా."

"ఇది మనకోసం మనం చేసుకునే పని గదత్తా, వెట్టి కాదు గదా" అన్నాను.

"మరి షామియానా ఆయనకి డబ్బులిస్తన్నారంట?"

ఆ షామియానా ఊళ్ళో కమ్మవారిది. మైకు సెట్టు కూడా బయటిదే. వాళ్ళకి అడ్వాన్సుతో సహా ఇచ్చాం. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా మొదలైనాక డప్పు గూడెం పిల్లలకి ఆత్మగౌరవం అయింది. మాకు మాత్రం ఊరేగింపులో ఖర్చులేని శబ్దంగానే మిగిలింది. బయటివాడి దగ్గర ఉంటే దానికి బాడుగ, మా సాటివాడి చేతిలో ఉంటే సేవ. ఈ లెక్క ఎవరు నేర్పారు నాకు?

మా తాత వెట్టివాడు. కరణం కాంపుకి పోతే మూట మోసుకుని వెనక నడవాలి. రాను అనే మాట ఆయన నోట్లోనే లేదు. బాబాసాహెబ్ 1928లోనే బొంబాయి శాసనమండలిలో ఇలాంటి చాకిరీ మీద బిల్లు పెట్టాడు. ఇంత ఇనాం భూమి పేరు చెప్పి మహర్ల చేత రాత్రీ పగలూ సర్కారు పని చేయించుకునే వతన్ మీద. తర్వాత రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. దాని రెండో భాగం ఆ రాత్రి మళ్ళీ తీసి చదివాను. ప్రజల అవసరానికి రాజ్యం తప్పనిసరి సేవ చేయించుకోవచ్చుగానీ, అందులో మతం, జాతి, కులం, వర్గం చూసి తేడా చెయ్యగూడదని ఉంది. రాజ్యానికే లేని హక్కు నా జాబితాకి ఎక్కడిది?

ముందుగా అడిగి ఉంటే సరిపోయేదా? ఇదీ తేలలేదు నాకు. 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. బెదిరించి చేయించుకుంటేనే బలవంతం కాదు, ఆకలీ పేదరికమూ నెట్టినా బలవంతమేనని. పంచాయితీ ఉద్యోగం ఎప్పుడు పోతుందో తెలియని మనిషి, మనవడి పంతులు వచ్చి అడిగితే కాదంటుందా?

చీట్లు తీద్దామని కమిటీలో పెట్టాను. ఎవరికి ఏ పని వస్తే అది, డప్పుకి మాత్రం షామియానాతో సమానంగా రొక్కం. డబ్బుకి ఒప్పుకున్నారు. చీట్ల దగ్గర గొడవైంది. రిటైరైన ఒక పెద్దాయన లేచి "ఊళ్ళో ఆసామి చీపురు పడితే పేపర్లో ఫోటో పడుద్ది. నువ్వు పడితే, చదివి కూడా మళ్ళీ అక్కడికే వచ్చాడంటారు" అన్నాడు. ఆ మాటకి నేనిప్పటికీ ఎదురు చెప్పలేను. మాకు ఊడవడం గాంధీగారి ప్రయోగం కాదు. మా అమ్మ పదహారేళ్ళు ఆసాముల దొడ్లు ఊడ్చింది, నా చేతికి చీపురు రాగూడదని.

చివరికి చీట్లు లేవు. ఎవరికివారు వచ్చి పేరు చెప్పమన్నాం. ఆకుల వరసలో నా పేరు రాసుకున్నాను, ఇద్దరు ఇంటరు పిల్లలు కలిశారు. హైదరాబాదులో 125 అడుగుల విగ్రహం ఆవిష్కరించింది ఆ రోజే. కుర్రోళ్ళు సెల్లులో చూస్తూ కేరింతలు కొడుతుంటే మేం ముగ్గురం గంపలతో పంక్తుల మధ్య తిరిగాం. అత్త రెండో పంక్తిలో కూచుంది, మనవడు పక్కన. గంపతో తన ముందుకొచ్చేసరికి ఆకు మడిచి తనే లేవబోయింది. "కూచో అత్తా" అన్నాను. ఆకు ఇచ్చింది గానీ నా మొహం చూడలేదు. ఆమెకి సుఖంగా ఉందో ఇబ్బందిగా ఉందో చెప్పలేను.

అవతలి వరసలో మా అమ్మ ఉంది. నన్ను గంపతో చూసి సగం అన్నం వదిలేసి ఇంటికెళ్ళిపోయింది. రాత్రి గుమ్మంలో కూచుని "ఇందుకా నేను చదివించింది?" అంది. వెట్టికీ ఇష్టానికీ తేడా చెప్పబోయాను, 23వ అధికరణం గురించి కూడా. "నాకు చెప్పమాక, పడుకో" అంది.

ఆ తర్వాత కూడా జాబితా రాయడం నా పనే అయింది. పేర్లన్నీ వాళ్ళొచ్చి చెప్పినాకే రాస్తున్నాను. ఆకుల వరస దగ్గర మాత్రం నా పేరు ముందు పెన్సిల్తో రాస్తాను, అమ్మ చూడకుండా.