రెండు కుక్కలు - ఒకే తూకము

అహింసను గూర్చి ఉపన్యాసము వినుట సులభము. పెంపుడు కుక్కను గొలుసుతో పట్టుకొని తెల్లవారుజామున వీథిలోనికి వచ్చిన గృహస్థునిపైకి నాలుగు వీథికుక్కలు పండ్లు చూపుచు వచ్చినపుడు ఆ వ్రతమును నిలుపుకొనుట కష్టము. చెన్నైలో షావుకారుపేట సందులలోను, వేపేరి, కీల్పాక్ వీథులలోను ఇది తరచు జరుగు సంగతియే. చేతికఱ్ఱ ఎత్తినచో వ్రతభంగమేమో యను శంక. ఎత్తకున్నచో తన్ను నమ్మిన మూగజీవి గాయపడునేమో యను భయము. ప్రశ్న చిన్నదిగా తోచినను, శ్రావకధర్మము పరీక్షకు వచ్చునది ఇట్టి చోటులనే.

గృహస్థుని వలన జరుగు హింసను జైనాచార్యులు నాలుగు విధములుగా చెప్పిరి. కావలెనని చేయునది సంకల్పహింస. వంటలోను ఇంటిపనులలోను జరుగునది ఆరంభహింస. వృత్తివ్యాపారములలో జరుగునది ఉద్యోగహింస. తన్నును తనవారిని కాపాడుకొనుటలో తప్పనిసరియైనది విరోధహింస. శ్రావకుడు పూర్తిగా విడువవలసినది మొదటిది, తక్కినవి తగ్గించుకొనవలసినవి. కాబట్టి మీదికి వచ్చు కుక్కకును తన కుక్కకును నడుమ కఱ్ఱను అడ్డము పెట్టుట వ్రతభంగము కాదు. అది వెనుదిరిగిన తరువాత తరిమి కొట్టుట, మరునాడు కనబడగానే రాయి విసరుట - ఇవి రక్షణ కావు, పగ.

అయితే రక్షణ యను పేరున ప్రతి దెబ్బను సమర్థించుకొనుటకు మనస్సు వెనుదీయదు. వ్యాపారి కొనుటకొక రాయి, అమ్ముటకొక రాయి ఉంచుకొన్నచో లోకము వానిని దొంగ యనును. ఇంటి కుక్క మొఱిగినపుడు "పాపము, భయపడినది" అనియు, వీథికుక్క మొఱిగినపుడు "దుష్టజంతువు" అనియు పలుకుట అట్టి రెండు రాళ్ల బేరమే. రెండును పంచేంద్రియ జీవులే. వీథికుక్కకు ఆ సందే ఇల్లు. ఈనిన తల్లికి ఆ మూలయే పురిటిగది. పెంపుడు కుక్క యంతయు సాధువే యనుటకును వీలులేదు. 2024 మే నెలలో థౌజండ్ లైట్స్ ప్రాంతపు కార్పొరేషన్ పార్కులో ఐదేండ్ల బాలికను కరచి తీవ్రముగా గాయపరచినవి రెండు పెంపుడు రాట్‌వైలర్ కుక్కలు. "ఇది నాది" అను మమకారమే తూకమును వంచుచున్నది.

నిజమునకు కఱ్ఱ ఎత్తవలసిన ఘడియ చాలవరకు అంతకు ముందరి ఏమరుపాటు వలన వచ్చును. హింసకు మూలము ప్రమాదము, అనగా అజాగ్రత్తయే, అని పెద్దల మాట. సాధువులు ఈర్యాసమితిని పాటించి ముందరి నేలను చూచుచు నడతురు. సెల్‌ఫోను చూచుచు కుక్కను నడిపించువానికి ఎదుటి మూలనున్న గుంపు కనబడదు. కనిపెట్టి నడుచువాడు దూరముననే అవతలి ప్రక్కకు మళ్లును. చెత్తతొట్ల వద్దకును, పిల్లలున్న తల్లి వద్దకును పోడు. అయినను ఎదురుపడినచో పరుగెత్తరాదు. పరుగెత్తువానిని తరుముట కుక్క స్వభావము. దాని కండ్లలోనికి తేరిచూడక, తన కుక్కను వెనుకకు తీసికొని, మెల్లగా తొలగవలెను. తెరచిన గొడుగు మంచి అడ్డము. అది ఎవరిని నొప్పింపదు. కుక్కలు కలియబడినచో నోళ్ల నడుమ చేయి పెట్టరాదు. కాటు పడినచో గాయమును సబ్బుతోను ధారగా పడు నీటితోను 15 నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోయి రేబిస్ టీకా వేయించుకొనవలెను.

చెన్నైలో 1996 వరకు కార్పొరేషన్ వీథికుక్కలను పట్టి విద్యుత్తుతో చంపించుచుండెను. కెప్టెన్ వి. సుందరం 1959లో స్థాపించిన బ్లూ క్రాస్ సంస్థ 1964 నుండి సంతాననిరోధ శస్త్రచికిత్సయే మార్గమని పట్టుబట్టెను. 1996లో కార్పొరేషన్ దానికి సమ్మతించెను. శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టినచోటనే విడువవలెనని 2023 నాటి కేంద్రప్రభుత్వ నియమములు చెప్పుచున్నవి. రేబిస్ సోకినవాటిని, మీదపడు స్వభావము గలవాటిని మాత్రము అట్లు విడువరాదని సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో ఆదేశించెను.

అవయవచ్ఛేదము అహింసావ్రతమునకు అతిచారము గదా, శస్త్రచికిత్స తగునా యని శంకించువారు కలరు. దోషమేమియు లేదని త్రోసివేయరాదు. కాని రెండవ పద్దులో నున్నది విద్యుత్తుతో చావు. ఆకలికిని బండ్లచక్రములకును బలియగు కూనలు. రెండు పద్దులను ప్రక్కప్రక్కన వ్రాసి చూచినవారికి ఏది తక్కువ హింసయో తెలియకపోదు.

జీవదయకై ఏటేట చందా లిచ్చు కుటుంబములు తమ సందులోని కుక్కలకును శస్త్రచికిత్స, టీకాలు జరుగునట్లు చూడవచ్చును. నడచువారి దారికి దూరముగా, వేళకు అన్నము పెట్టవచ్చును. తమ కుక్కకు లైసెన్సు, టీకా, గట్టి గొలుసు తప్పక ఉంచవలెను. దానములలో అభయదానము గొప్పది. అది ఇంటిలోని కుక్కకు మాత్రమే ఇచ్చినచో సగము దానమే; గుమ్మము బయటి కుక్కకును, ఆ దారిని నడచు పొరుగువారికిని అందినపుడే పూర్తియగును.